పెళ్ళి ఆల్బమ్ సరే, తీగకు గుచ్చిన చీటీలు ఎక్కడ?

ఉత్తర చెన్నై రాయపురంలో, ఒడ్డున ఉన్న ఇళ్ళలోని పాత కాగితాలకు కాపీలు తీయడానికి ఆదివారాలు మేం కూర్చునే గదికి ఎవరొచ్చినా సంచిలోంచి ముందు తీసేది పెళ్ళి ఆల్బమే. "పాత ఫోటోలమ్మా, చూసుకోండి" అని బల్ల మీద పెడతారు. కాదనం. తీసుకుంటాం, స్కాన్ చేస్తాం, మర్యాదగా తిరిగిచ్చేస్తాం. కానీ పెళ్ళి ఫోటో రాయపురందైనా రాయచూరుదైనా ఒకటే. వెనక స్టూడియో కర్టెను, పక్కన ప్లాస్టిక్ పూలు, ఎవరూ నవ్వరు. నాలుగు తరాలుగా సముద్రం మీదే బతికిన ఇంట్లో, సముద్రం కనిపించే ఫోటో ఒక్కటీ ఉండదు. ఎందుకుంటుంది? ఫోటో తీయించుకునేది పని లేని రోజున. పనున్న రోజు సంగతి తెలియాలంటే అటక మీది డబ్బాలోనో, గోడకు వేలాడే తీగకో ఉన్న చీటీలు చూడాలి. అవి ఎవరూ తేరు. "ఆ చెత్త ఎందుకులెండి" అంటారు.

ఆ చెత్త కోసమే నేను ఈ పనిలో చేరాను. పొట్టకూటి కోసం చెన్నై ప్యారీస్ కార్నర్‌లో, ఓడ సరుకు కస్టమ్స్ నుంచి విడిపించే ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బిల్ ఆఫ్ లేడింగులు, డెలివరీ ఆర్డర్లు, కస్టమ్స్ వాళ్ళ సీళ్ళు. దాంతో ఏ కాగితం చేతికిచ్చినా ముందు తేదీ, తరవాత స్టాంపు, ఆ తరవాతే విషయం చూడటం అలవాటైపోయింది. పుట్టింది గూడూరులో, మెట్టింది తండయార్‌పేట. మా అత్తగారి వైపు వాళ్ళు ఎప్పుడో నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం.

మా గుంపుకు పేరూ లేదు, బోర్డూ లేదు. హార్బరులో రిటైరైన ఒక పెద్దాయన (అందరం బాబాయ్ అంటాం), ఒక టీచరమ్మ, ఇద్దరు కాలేజీ పిల్లలు, కెమెరా ఉన్న ఒక కుర్రాడు, నేను. రాయపురం నుంచి తిరువొత్తియూరు దాకా ఒడ్డున ఉన్న కుటుంబాల దగ్గర మిగిలిన కాగితాలకు కాపీలు తీసి దాచడం మా పని. అసలు కాగితం ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళిపోవాలి. ఈ నియమం బాబాయ్ పెట్టాడు. దీని మీద ఒక గొడవ కూడా అయింది, తరవాత చెప్తాను.

ఈ ఒడ్డుకే ఎందుకంత తొందర అంటే కారణం హార్బరు. ఒకప్పుడు మద్రాసుకు రేవే లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్ని, మూటల్ని మసూలా పడవల్లో అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవలవి. అల ఎత్తి ఇసక మీద పడేస్తే మేకులు కొట్టిన పడవ విరుగుతుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. 1861లో సముద్రంలోకి ఇనప పియర్ ఒకటి, అంటే ఒడ్డు నుంచి పొడుచుకుపోయే వంతెన లాంటిది, కట్టారు. 1875లో హార్బరుకు పునాదిరాయి పడింది. పని పూర్తికావస్తుండగా 1881 నవంబరులో తుఫాను వచ్చి అలల్ని ఆపే గోడల్ని పాడుచేసింది, మళ్ళీ కట్టుకొచ్చారు.

అసలు సంగతి ఆ గోడల దగ్గరే ఉంది. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. గోడ అడ్డం వచ్చేసరికి ఇసక దక్షిణాన ఆగిపోయింది. అలా పేరుకున్న ఇసకే ఇప్పుడు మనం గుగ్గిళ్ళ పొట్లం పట్టుకుని తిరిగే మెరీనా. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ దాని పక్కన నడిచే దారి వేయించి, పేరూ పెట్టాడు. ఉత్తరాన ఉన్న మా వైపుకు రావాల్సిన ఇసక రాలేదు. ఉన్నది మాత్రం కొట్టుకుపోతూనే ఉంది. ఇసక ఉండాల్సిన చోట ఇప్పుడు బండరాళ్ళు పోసిన గట్టుంది. మెరీనా ఎంత అందంగా ఉందో అని ఎవరైనా మురిసిపోతుంటే మా బాబాయ్‌కి ఒళ్ళు మండుతుంది. "అది మా ఇసకయ్యా" అంటాడు.

అందుకే రేషన్ కార్డు మాకు ఆల్బమ్ కన్నా విలువైనది. ఒకావిడ నీళ్ళు తగిలి అట్ట ఉబ్బిన పాత కార్డు తెచ్చింది. అందులో ఇంటి నంబరు ఉంది, వీధి పేరుంది. ఆ వీధి ఎక్కడుందమ్మా అంటే, మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళి రాళ్ళ గట్టు అవతల నురుగు లేస్తున్న చోటు చూపించింది. అక్కడ ఇళ్ళుండేవని రుజువుగా ఆమె దగ్గరున్నది ఆ కార్డు, ఒక కరెంటు బిల్లు. నా మటుకు నాకు ఆ కరెంటు బిల్లే ఎక్కువ నచ్చింది. సర్వీసు నంబరుతో సహా ఉంది. లైటు వెలిగిందనేకదా దానర్థం.

ఇప్పుడు తీగ దగ్గరకు వస్తాను. ఈ తరం పిల్లలు చూసి ఉండరు. ఒక చివర కొక్కెంలా వంచి, అడుగున చెక్క బిళ్ళ ఒకటి బిగించిన ఇనప తీగ. రసీదో బిల్లో వస్తే మధ్యలో పొడిచి కిందికి దించేయడమే. కొట్లలో ఉండేది, కొంతమంది ఇళ్ళల్లోనూ ఉండేది. కాశిమేడులో ఒక అవ్వ ఇంట్లో వంటింటి తలుపు వెనక ఇది వేలాడుతుంటే మా టీచరమ్మ కంట పడింది. అవ్వ వెంటనే చీటీలు లాగి మా చేతిలో పెట్టబోయింది. నేను దాదాపు అరిచినంత పని చేశాను.

లాగకూడదు. తీగ మీది వరస ఎవరూ కూర్చుని రాసింది కాదు, దానంతటదే ఏర్పడింది. అట్టడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైనున్నది కొత్తది. తేదీ చెరిగిపోయిన చీటీ దొరికితే దాని కిందిదీ పైదీ చూసి ఏ నెలదో చెప్పొచ్చు. అందుకని ముందు తీగను తీగలాగే నాలుగు వైపుల నుంచి ఫోటో తీశాం. తరవాత కొక్కేన్ని కట్టింగ్ ప్లేయరుతో తుంచేసి, తుప్పు అంటుకుని కాగితం చిరగకుండా ఒక్కో చీటీని పైనుంచి జారుస్తూ తీశాం. తీసిన వరసలో పెన్సిలుతో వెనక నంబరు వేశాం. పెన్ను మాత్రం మా బల్ల దగ్గరకు రానివ్వం. స్కానింగ్ అయ్యాక అదే వరసలో, అవే చిల్లుల్లోంచి నూలు దారం ఎక్కించి తిరిగిచ్చాం. అవ్వకు ఆ దారం నచ్చలేదు. తీగైతే గట్టిగా ఉండేదని సణుక్కుంది.

ఇంతకీ అవేం చీటీలు? సేటు కొట్లో తాకట్టు చీటీలు. అన్నీ ఒకే తరహా. తేదీ, పేరు, వస్తువు, బరువు, ఇచ్చిన డబ్బు. కమ్మలు జత. ముక్కుపుడక. వెండి మొలతాడు, అది పిల్లవాడిదై ఉండాలి. 1970ల నుంచి ఉన్నాయి. నేను ఆఫీసు బుద్ధి కొద్దీ తేదీలన్నీ ఒక కాగితం మీద గీత పెట్టి వేసుకుంటూ పోయాను. చాలావరకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు. ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, పడవ దిగని రోజులు. తీగ పై భాగానికి వచ్చేసరికి మే నెల చీటీలు మొదలవుతాయి. ఇదేంటా అనుకుంటే బాబాయ్ చెప్పాడు. తమిళనాడులో 2001 నుంచి ఏప్రిల్ 15 మొదలుకొని మర బోట్లకు వేట నిషేధం. అప్పట్లో 45 రోజులు, 2017 నుంచి 61 రోజులు. అవ్వ కొడుకు అప్పటికి సొంత కట్టుమరం వదిలేసి మర బోటులో కూలీకి పోతున్నాడు. కాబట్టి ఇంట్లో చేతులు ఖాళీ అయ్యే నెల కూడా మారింది. ఈ మార్పు మీద నివేదికలు ఉండే ఉంటాయి. కానీ వంటింటి తలుపు వెనక నుంచి చూస్తే ఇలా ఉంటుంది.

ఇన్ని కుదువ పెట్టి ఇన్నీ విడిపించుకున్నారా అవ్వా అని టీచరమ్మ మెచ్చుకోబోయింది. అవ్వ నవ్వింది. "విడిపిస్తే చీటీ సేటు వెనక్కి తీసేసుకుంటాడు కదమ్మా. ఇంట్లో మిగిలినవంటే అవి రానివి." తాకట్టు కొట్టు గడప తొక్కినవాళ్ళెవరికైనా తెలిసిన సంగతే. మాకు మాత్రం అప్పటిదాకా తట్టలేదు. గీతలు పెట్టిన కాగితం వైపు మళ్ళీ చూశాను. నేను అన్ని తాకట్లూ లెక్క వేస్తున్నాననుకున్నాను. అది పోయిన వస్తువుల లెక్క.

అక్కడితో అయిపోలేదు. సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి, ఇవి బయట పెడతారా అని అడిగింది. ఎవరైనా చూడొచ్చన్నాం. వద్దంది. ఇంటి అప్పులు ఊరందరికీ ఎందుకంది. అవ్వేమో "నా కమ్మలు, నా పేరు, పెట్టుకోనీ" అంటుంది. ఇంట్లో ఇద్దరిలో ఒకరు వద్దంటే మూసి ఉంచాలన్నది మా పద్ధతి. స్కాన్లు పెట్టెలోనే ఉంటాయి, చూడాలంటే ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి. పేర్లు తీసేసి నెలలు, వస్తువులు మాత్రం పట్టికగా ఇస్తాం. ఇక్కడ రాయడానికి ఇద్దరినీ అడిగాను. పేరు, వీధి లేకుండా రాసుకో అన్నారు. డిజిటైజ్ అంటే అంతా తీసుకెళ్ళి నెట్‌లో పెట్టేయడమే అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో నాకు పడదు. బీదవాళ్ళ కాగితాల్లో సగం అప్పు పత్రాలే. ప్రోనోట్లు, చీటీపాట లెక్కలు, ఆసుపత్రి కాగితాలు. వాళ్ళ తాతలకు రాజుగారిచ్చిన సనదులుండవు.

నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. ఒక చేపలమ్మిన ఆవిడ లెక్కల పుస్తకం వచ్చింది. అరవై పేజీల నోటుబుక్కు, అట్ట మీద వినాయకుడు. ఆవిడ మాట్లాడేది తెలుగు. బడికి వెళ్ళింది మూడో క్లాసు దాకా, తమిళ బడికి. అంచేత పుస్తకమంతా తెలుగు మాటలు, తమిళ అక్షరాలు. నాకు తమిళం బస్సు బోర్డులు చదివేంత వచ్చు, చేతిరాత నా వల్ల కాదు. మా కాలేజీ అమ్మాయి చేతిరాత గడగడా చదువుతుంది కానీ ఒక్క ముక్క అర్థం కాదు. పక్కపక్కన కూర్చున్నాం. ఆ అమ్మాయి పైకి చదవడం, నేను విని రాసుకోవడం.

"కంబలు పత్తు, అక్కా."

"కంబలు ఏంటి? మళ్ళీ చదువు."

తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం, ప, బ రెంటికీ ఒకటే. కాసేపటికి వెలిగింది, గంపలు. పది గంపలు. ఒకసారి తాళంచెవి దొరికాక నెత్తళ్ళు, కానాగంతలు, సావడాయిలు అంటూ చేపలన్నీ వరసగా బయటికొచ్చాయి. ఆ అమ్మాయి "అక్కా, ఇవన్నీ మా ఇంట్లో వండుతారు, పేర్లే వేరు" అని ఆశ్చర్యపోయింది. ఐసుకు ఎంత, రిక్షాకు ఎంత, చాకలిపేట మార్కెట్లో గంప దించిన చోటుకు ఎంత, అన్నీ రాసుకుంది ఆవిడ. ఒక పేజీలో మటుకు లెక్కేమీ లేదు. మనవరాలి చేత వేయించిన పడవ బొమ్మ ఉంది.

ఆ పుస్తకం తరవాత మా ఫారంలో భాషకొక గడి, లిపికొక గడి విడివిడిగా పెట్టాం. ఒకటే గడి ఉంటే ఇలాంటివన్నీ కళ్ళు మూసుకుని తమిళం కింద జమైపోతాయి. రేపెవరైనా మద్రాసు ఒడ్డున తెలుగువాళ్ళ కాగితాలు కావాలని వెతికితే ఒక్కటీ దొరకదు.

పని పద్ధతి గురించి కొందరు అడిగారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. మామూలు కాగితాలు 400 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), ఫోటోలు 600. దాచిపెట్టేది టిఫ్ ఫైలు, ఇంటివాళ్ళ ఫోనుకు పంపేది జేపెగ్. ఏ4 కాగితం రంగుల్లో 600 డీపీఐతో తీస్తే టిఫ్ ఒక్కటే 100 ఎంబీ దాటుతుంది. కాబట్టి ఎవరైనా సాయం చేస్తామంటే డబ్బు వద్దు, హార్డ్ డిస్కు కొనివ్వమంటాం. ప్రతిదానికీ మూడు కాపీలు. అందులో ఒకటి తిరుపతిలో మా వాళ్ళింట్లో. 2004 డిసెంబరు 26 సునామీ చూసినవాళ్ళెవరూ అన్ని కాపీలూ ఒడ్డునే పెట్టుకోరు. సినిమాల్లో చూపించినట్టు తెల్ల గుడ్డ గ్లౌజులు వేసుకుని కాగితాలు పట్టుకోం. గుడ్డ గ్లౌజుతో కాగితం అంచు తెలియదు, చిరుగుతుంది. చేతులు కడుక్కుని ఆరబెట్టుకుంటే చాలు. ఫోటోలకు మాత్రం పౌడరు లేని రబ్బరు గ్లౌజులు, వేలిముద్రలు పడకుండా. ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను పీకితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. ఉప్పుగాలికి, చెమ్మకు మా వైపు సగం ఫ్రేములు ఇంతే. అద్దంతోనే, దీపం పక్కకు జరిపి ఫోటో తీస్తాం.

లామినేషన్ గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది. ప్రేమ కొద్దీ చేయిస్తారు, తెలుసు. తాతగారి హార్బరు పాసును తీసుకెళ్ళి జిరాక్స్ షాపులో వేడి వేడిగా ప్లాస్టిక్‌లో పెట్టిస్తే ఇక దాన్ని ఏ దేవుడూ విడదీయలేడు. లోపల చెమ్మ ఉంటే అందులోనే బూజు పడుతుంది. వెనక వైపు రాతేదైనా లేతగా ఉంటే అంతే సంగతులు. చేయించకండి. మందపాటి కాగితం కవరులో పెట్టి, బీరువాలో పై అరలో పెట్టండి.

ఇనప ముక్క ఒకటి వచ్చింది మొన్న. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టిందన్నది చరిత్ర. ఉత్తర చెన్నైలో పాతకాలపు ఇల్లు ఏదైనా సరే, ఆ గుళ్ళలో ఒకటి మా పెరట్లోనే పడిందంటారు. అందరి పెరళ్ళూ లెక్కేస్తే జర్మన్లకు అన్ని గుళ్ళెక్కడివో అర్థం కాదు. ఈ ముక్క నాకైతే పాత లంగరు కొసలా కనిపించింది. కానీ మేం తీర్పులు చెప్పం. కొలత, బరువు, ఫోటో, ఎదురుగా "కుటుంబం చెప్పిన ప్రకారం" అని రాసి పెట్టాం. ముక్క తెచ్చినాయన చెప్పిన కథను రికార్డు చేశాం. ముక్క ఏదైనా, వాళ్ళ తాత ఆ రాత్రి పిల్లల్ని తీసుకుని పరిగెత్తిన దారి ఇదీ అని వీధుల పేర్లు చెప్పాడు చూడండి, అది మాకు పనికొస్తుంది.

ఇంకా వచ్చినవి. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, సింగపూర్ తిరిగిన రజులా ఓడ సామాను చీటీ, దారంతో సహా. 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు వస్తారన్న భయంతో పట్నం ఖాళీ అయినప్పుడు నెల్లూరు వెళ్ళిన ఇల్లాలు ఇక్కడున్న మరిదికి రాసిన కార్డు. యుద్ధం మాట ఒక్క లైను, బావి మీద మూత వేశావా లేదా అన్నది మూడు లైన్లు.

ఇక గొడవ. మా సంగతి తెలిసి ఒక సంస్థ నుంచి ఇద్దరు వచ్చారు. ఏసీ గది ఉంది, కాగితాలు మా దగ్గర పెట్టండి, మీ పేరు వేస్తాం అన్నారు. మంచిదే కదా అనిపించింది మాలో కొందరికి. అవ్వ వచ్చి చీటీలు చూసుకోవాలంటే ఎలాగని బాబాయ్ అడిగాడు. ముందుగా ఉత్తరం రాసి, గుర్తింపు కార్డు తెస్తే పని వేళల్లో చూపిస్తామన్నారు. బాబాయ్ టీ ఇచ్చి పంపేశాడు. ఏసీ గది అవసరమే, నేనూ ఒప్పుకుంటాను. ఉప్పుగాలిలో ఆ కాగితాలు ఇంకెన్నాళ్ళో ఉండవు. అయినా సొంత కమ్మల చీటీ చూసుకోవడానికి ఉత్తరం రాయమంటే, అవ్వకు రాయడం రాదు. కాపీలు తీసుకెళ్ళండి అన్నాం. మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మాకు పనున్నది రెండు విషయాల్లో. పాత తెలుగు చేతిరాత, ముఖ్యంగా అక్షరాలు కలిపి రాసే గొలుసుకట్టు, తడబడకుండా చదివే పెద్దవాళ్ళు కావాలి. కంప్యూటరు అచ్చు తెలుగును ఫరవాలేదనిపించేలా చదువుతుంది కానీ ఈ రాత దగ్గర చేతులెత్తేస్తుంది. రెండోది బకింగ్‌హాం కాలువ. ఆంధ్ర వైపు నుంచి కట్టెలు, ఉప్పు వేసుకుని దాని మీదుగా పడవలు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవి. 1960ల తుఫాన్ల తరవాత ఆ రాకపోకలు పడిపోయాయి. ఆ పడవలు నడిపిన కుటుంబాలు సూళ్ళూరుపేట, తడ, శ్రీహరికోట వైపు ఉండే ఉంటాయి. పడవ లైసెన్సో, సుంకం రసీదో, సరుకు లెక్క పుస్తకమో ఏది ఉన్నా సరే. తీగకు గుచ్చి ఉంటే తీగతోనే తీసుకురండి, మీరు తీయకండి. ఆల్బమ్ కూడా తెచ్చుకోండి, ఆఖర్న చేస్తాం. పదకొండు దాటాక మా గదిలో కరెంటు ఉంటుందో ఉండదో చెప్పలేం, ఎనిమిదికల్లా వచ్చేయండి.